కొండెక్కిన దీపం

తుఫాను వెళ్ళిపోయింది. చెడ్డ చుట్టం వెళ్తూ వెళ్తూ దొడ్లో కాయా కసరూ దులుపుకుపోయినట్టు, హిమకూట పర్వతాల మీది దేవదారు కొమ్మలు విరుచుకుని, గొల్లల రాతి దొడ్ల కప్పులు ఎగరేసుకుని, కొండ భుజాల మీద మంచు మూపురాలు కట్టి మరీ తూర్పు కనుమ దాటింది. ఇన్నాళ్ళూ చెవులు చిల్లులు పడేలా అరిచిన గాలి ఒక్కసారిగా నోరు మూసుకునేసరికి, ఎలుగుబంటి విడిచిన గుహలో ముడుచుకు కూర్చున్న ఉప్పు వర్తకుడికి తన గుండె చప్పుడు తనకే వినిపించింది.

అతడు నిజానికి ఉప్పు వర్తకుడు కాడు, చంపకావతీ రాజ్యానికి యువరాజు. పేరు శరభాంకుడు. తండ్రి మరణించి, మాంత్రికుడు తుషారదంతుడు సింహాసనం ఎక్కిన నాటి నుంచి యువరాజు తల కోసం ఊరూరా చాటింపు మోగుతోంది. అందుకే ఈ మాసిన గొంగళి, ఈ గడ్డం, నడుముకు ఈ ఉప్పు సంచి. అతనికి ఈ భూమ్మీద మిగిలినది అక్క సౌగంధి ఒక్కతే. తల్లి లేని తమ్ముణ్ణి చంకన వేసుకు పెంచి, పెళ్ళి చేసుకుని ఈ మంచుకొండల్లోని శిఖరవాటి కోటకు రాణిగా వచ్చింది. భర్త పోయాక ఆ కోటను తానే ఏలుకుంటోంది. మాంత్రికుడి కన్ను ఇప్పుడు ఆ కోట మీద పడింది. ఆ మాట అక్క చెవిన వేయాలని తమ్ముడు బయలుదేరితే నట్టనడి దారిలో తుఫాను పట్టుకుంది.

గుహ నోటికి అడ్డంగా అతని కంచరగాడిద చుక్కమ్మ పడి ఉంది. గాలి లోపలికి కొట్టకుండా తానే తలుపులా నిలబడి, నిలబడి, ఎప్పుడో ఒరిగిపోయింది. శరభాంకుడు దాని నుదుటి మీది తెల్ల మచ్చను చాలాసేపు నిమిరాడు. "నువ్వు కూడా వెళ్ళిపోయావా" అన్నాడు. కన్నీళ్ళు వచ్చాయి. చెంప మీదికి జారకముందే గడ్డకట్టాయి. దాని మెడలోని గంట విప్పి తన మెడలో కట్టుకున్నాడు. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, మనిషి ముఖం చూసి ఎన్నాళ్ళో అయినవాడికి గాడిద గంట కూడా బంధువే.

బయట లోకం కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఉంది. శరన్మేఘాలన్నీ నేలకు దిగి నిద్రపోతున్నాయా అన్నట్టు దిగంతాల వరకు ధవళకాంతి. అస్తమిస్తున్న సూర్యుడు ఒక్కొక్క శిఖరానికీ కుంకుమ దిద్ది, చివరికి తన చేయి తానే వెనక్కి తీసుకున్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. ఎంత బాగుందో అనుకున్నాడు శరభాంకుడు. పల్లపు దేశం మనిషి కదా, వాన వెలిస్తే సంతోషించడమే తెలుసు. ఆ కొండల్లో పుట్టినవాడైతే ఆ నిర్మలమైన ఆకాశాన్ని చూసి పరుగు లంకించుకునేవాడు.

కొండ మలుపు తిరుగుతుండగా, ఎగువన ఎత్తయిన గుట్ట కొమ్మున ఎఱ్ఱని చుక్క ఒకటి పొడిచింది. మిగతా ఆకాశమంతా ఖాళీ. అది ఒక్కటే, ఇతడూ ఒక్కడే. "నువ్వైనా తోడున్నావు, చుక్కమ్మా" అని దానికి చనిపోయిన గాడిద పేరే పెట్టి, గంట మోగించుకుంటూ, దానితో మాట్లాడుతూ దిగువకు నడిచాడు.

దిగువన నడిమివాడ అనే చిన్న ఊరు. భూమిలోకి సగం దిగిన రాతి ఇళ్ళు. మొదటి ఇంటి తలుపు తట్టగానే, తలుపులోని చిల్లు లోంచి ఒక కన్ను అతణ్ణి పైకీ కిందికీ చూసింది.

"ఎవులది?"

"ఉప్పు వర్తకుణ్ణి, పెద్దయ్యా. దారి తప్పి వచ్చాను."

తలుపు తీసినవాడు ఆ ఊరి పెద్ద, బయ్యన్న. లోపల కనిపించిన దృశ్యం శరభాంకుడికి వింతగా తోచింది. గొంగళ్ళు కట్టుకున్న మగవాళ్ళు పదిమంది దాకా, వీపుల మీద ఎండు కట్టెల మోపులతో, ప్రయాణానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు. అందరి కళ్ళూ ఇతని ముఖం మీదే.

"కొండ మలుపు మీంచే గదా వచ్చినావు?" అన్నాడు బయ్యన్న ఆత్రంగా. "మాకిక్కడికి మంచు మూపురం అడ్డం పడిపోనాది, ఎగువ అగుపించడం నేదు. సెప్పు బాబూ, శికరవాటిలో దీపం కొండెక్కినాదా?"

శరభాంకుడి గుండె గుభేలుమంది. ఆ మాట వింటే ఏ పల్లపు మనిషికైనా అంతే. చిన్నప్పుడు ఒకసారి అతను గాలికి పోయిన దీపం చూసి "ఆరిపోయింది" అన్నాడు. అక్క అతని పెదవుల మీద వేలితో చిన్నగా కొట్టింది. "తప్పు! దీపాన్ని ఆ మాట అనకూడదు. కొండెక్కింది అనాలి." "ఏ కొండక్కా?" అని అడిగితే, "ఏదో ఒక కొండ. నీకెందుకు?" అని ముద్దు పెట్టుకుంది. ఇప్పుడీ ముసలాయన, అక్క ఉన్న కోటలో దీపం కొండెక్కిందా అని నోరారా అడుగుతున్నాడు.

"శివ శివా! అంత మాట అనకు, పెద్దయ్యా" అన్నాడు శరభాంకుడు చెవులు మూసుకుని. "దీపం కొండెక్కడమేమిటి? అలాంటి కీడేమీ జరగలేదు. కోటలో అందరూ చల్లగా ఉన్నారు."

చల్లగా ఉన్నారన్న మాటకు ఒకళ్ళిద్దరు వింతగా చూశారు. బయ్యన్న మాత్రం గుండెల నిండా ఊపిరి తీసుకుని, "దింపీండిరా మోపులు" అన్నాడు. మోపులు ధబధబ నేలమీద పడ్డాయి. ఆ చప్పుడులో ఏముందో శరభాంకుడికి తెలియదు. పొయ్యి దగ్గర చోటిచ్చారు, వేడి వేడి గంజి ఇచ్చారు. అతను సంచి విప్పి చారెడు ఉప్పు ఇస్తే, ఇంటి ముసలమ్మ మైలవ్వ కళ్ళకద్దుకుని, "ఎచ్చగా ఉండు, నాయినా" అని దీవించింది.

అంతలో బయట ఎక్కడో ఫెళ్ళుమంది. మళ్ళీ ఫెళ్ళు. దేవదారు మానులు నిలువునా చీలుతున్నాయి.

"దిగినాది" అంది మైలవ్వ. "గాలివాన అత్తలాంటిది బాబూ, అరిచి అరిచి ఎల్లిపోతాది. దానెనక ఒచ్చే ఈ సలి ఉందే, ఇది ఆడబిడ్డ. నోరెత్తదు, నవ్వతానే పేనం తీస్తాది. ఇంక పొద్దు పొడిచిందాకా తలుపు తియ్యకూడదు. శికరవాటోళ్ళ కట్టెలు తడవనేదు గాబట్టి సరిపోనాది. తడిసుంటే ఈ పాటికి మావోళ్ళు మోపులెత్తుకుని సగం దారిలో ఉందురు."

"వాళ్ళ కట్టెలు తడవలేదని మీకెలా తెలుసు?"

"నువ్వే గదా సెప్పినావు?" అంది మైలవ్వ. "గాలివాన ఎల్లిపోయినాక, కట్టెలు తడిసి పొయ్యి రాజుకోనోళ్ళు తమ దీపం అట్టుకెళ్ళి కొండకొమ్మున ఎడతారు. 'ఎండు కట్టెలట్టుకు రండిరో, నేకపోతే సచ్చిపోతాం' అని దానర్తం. దీపం కొండెక్కినాదంటే పక్కూరోళ్ళు తిండి మద్దిలో నేచి పోవాల. ఆ కోటలో రాణీగారే సొయంగా ఎక్కుతాది దీపం అట్టుకుని. మారాతల్లి."

గంజి ముంత శరభాంకుడి చేతిలోంచి జారింది. గుట్ట కొమ్మున ఎఱ్ఱని చుక్క! అతను పేరు పెట్టి పిలిచి, కబుర్లు చెప్పుకుంటూ వచ్చిన చుక్క! అది అక్క చేతిలోని దీపం. అది కేక వేస్తుంటే తాను గంట వాయిస్తూ దిగిపోయాడు. పైగా ఇక్కడికి వచ్చి, ఎత్తిన మోపులు తన నోటితోనే దింపించాడు.

"ఎక్కింది!" అని అరిచాడు. "దీపం కొండెక్కింది! నేను చూశాను. మా దేశంలో ఆ మాటకు అర్థం వేరు, పెద్దయ్యా. చుక్క అనుకున్నాను. లేవండి, రండి!"

ఎవరూ లేవలేదు. కోపంతో కాదు, ఆ పదిమంది తలలూ సిగ్గుతో వాలిపోయాయి. బయ్యన్న నెమ్మదిగా, "ఇందాక అయితే ఎల్లిపోదుం బాబూ. ఇప్పుడు ఆడబిడ్డ దిగిపోనాది. ఇప్పుడు బయటికెళ్ళినోడు తిరిగొచ్చింది నేదు. మాకూ పిల్లలున్నారు" అన్నాడు. ఆపైన, "పొద్దు పొడవగానే అందరం ఒస్తాం. దీపం అందాకా ఉంటే" అన్నాడు.

"వాళ్ళను అందాకా నిలబెట్టడానికి ఎన్ని మోపులు కావాలి?"

"ఒక్క మోపు సాలు. కోటలో అందరూ ఒక్క సావిట్లోనే ఉంటారు. ఒక్క మోపు ఎండు కట్టె మండితే, ఆ సెగకి తడి కట్టెలు ఆరి అందుకుంటాయి."

శరభాంకుడు ఒక మోపు వీపుకెత్తుకున్నాడు. మైలవ్వ తన కుంపటి తెచ్చి, నిప్పుల మీద బూడిద కప్పి, అతని గొంగళి కింద పొట్టకు కట్టింది. "సలి పలకరిస్తాది, నాయినా. నీకు తెలిసినోళ్ళ గొంతుతోనే పలకరిస్తాది. కూకోమంటాది. కూకోకు" అని చెప్పింది. తలుపు రెప్పపాటు తెరుచుకుని, వెనకనే మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. శరభాంకుడికి తండ్రి పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

చలి అంటే వణుకు అనుకునేవాడు ఇంతకాలం. ఇది వణుకు కాదు. ముక్కులో వెంట్రుకలు సూదులయ్యాయి. ఊపిరి వదిలితే అది పొడిపొడిగా రాలి గడ్డం మీద పడుతోంది. గంట నాలుక మంచు పట్టి లోపలి గోడకు అతుక్కుపోయింది, ఆ చప్పుడూ లేదు. వెన్నెలలో కొండలన్నీ వెండివై, మచ్చ లేకుండా, మనిషన్నవాడితో తమకేమీ పని లేనట్టు నిలబడి ఉన్నాయి. దూరాన ఎఱ్ఱని చుక్క ఒక్కటే కదులుతోంది. అది కదిలినప్పుడల్లా అతని కాలు ముందుకు పడుతోంది.

లోయ మీద తుఫాను కట్టిన మంచు వంతెన ఒకటి అడ్డం వచ్చింది. చుట్టు తిరిగిపోయే వ్యవధి లేదు. సగం దాటాడో లేదో కాళ్ళ కింద కిర్రుమంది. పరుగెత్తాడు. వెనక వంతెన పెళపెళ విరుగుతూ అతని మడమలను తరుముకొచ్చింది. చివరి గెంతులో అంచు చేజిక్కింది గానీ కాళ్ళు గాలిలో వేలాడాయి, వీపు మీది మోపు పాతాళానికి గుంజుతోంది. మోపు విడిచిపెడితే తాను బతుకుతాడు. విడవలేదు. పళ్ళతో ఒక దేవదారు వేరు పట్టుకుని, మోచేతులు మంచులో గుచ్చి, అంగుళం అంగుళం పైకి పాకాడు. లేచి చూస్తే గొంగళి చిరిగింది, పెదవి తెగింది, కుంపటి మాత్రం పొట్టకు అంటిపెట్టుకుని వెచ్చగా ఉంది.

తల ఎత్తాడు. గుట్ట కొమ్మున చుక్క లేదు.

ఎంత వెతికినా లేదు. శరభాంకుడు నిలబడిపోయాడు. అప్పుడే పక్క రాళ్ళ చాటు నుంచి మంట వెలుతురు కనిపించింది. ఆ మంట పక్కన, పట్టుచీర మీద శాలువ కప్పుకుని, చిన్నప్పటి చిరునవ్వుతో అక్క కూర్చుని ఉంది.

"వచ్చావా, తమ్ముడూ? నీ కోసమే కిందికి దిగి వచ్చాను" అంది సౌగంధి. "అలసిపోయావు. ఆ మోపు దించు. ఇలా నా ఒళ్ళో తల పెట్టుకో."

ఆ గొంతు అక్కదే, ఆ చేతులు అక్కవే. ఎన్నేళ్ళయింది ఎవరైనా తల నిమిరి! శరభాంకుడి మోకాళ్ళు తమంతట తామే వంగాయి. మోపు తాడు సగం విప్పాడు. "పైన దీపం కనిపించడం లేదక్కా" అన్నాడు పసివాడిలా.

"ఇంక దీపం ఎక్కడిది, నాయనా? దీపం ఆరిపోయింది. పైన ఏమీ లేదు. కూర్చో."

పెదవి మీద పాత దెబ్బ ఒకటి చురుక్కుమంది. శరభాంకుడు వంగిన మోకాళ్ళను నిలిపాడు. ఏడేళ్ళ తమ్ముణ్ణి ఆ మాట అననివ్వని అక్క, తన నోటితో ఆ మాట అంటుందా? లోకం తలకిందులైనా అనదు. మంట వైపు చూశాడు. మంట ఎగురుతోంది గానీ దాని పక్కనున్న మంచు కరగడం లేదు.

"నీకు దిష్టి తగిలిందక్కా. ఉండు, దిష్టి తీస్తాను" అంటూ నడుము సంచిలో మిగిలిన ఉప్పంతా పిడికిట పట్టాడు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, నీ దిష్టి!" అని మూడుసార్లు తిప్పి ముఖాన కొట్టాడు.

ఉప్పు పడ్డ చోటల్లా ఆ సుందరవదనం గుంటలు పడి కారిపోయింది. పట్టుచీర మంచు పెళ్ళలై రాలింది. లోపలి నుంచి నీలిరంగు పళ్ళు, తెల్ల కనుగుడ్లు బయటపడ్డాయి. తుషారదంతుడు! "ఉప్పు వర్తకుడా! నీ సంచి ఇప్పుడు ఖాళీ!" అని ఇకిలించి, కరిగిన నీరై, రాళ్ళ మీదుగా ఎగువకు పామల్లే పాకి మాయమయ్యాడు. నీళ్ళు ఎక్కడైనా పల్లానికి పారతాయి. ఇవి మిట్టకు పారాయి.

శరభాంకుడు తాడు బిగించి పరుగు తీశాడు. గుట్ట కొమ్మున, గాలి మళ్ళించే రాతి గోడ వెనక, గొంగళి కప్పుకున్న ఆకారం ఒకటి కదలకుండా కూర్చుని ఉంది. ఒళ్ళో ఇత్తడి ప్రమిద. చుట్టూ పట్టుకున్న వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. కనురెప్పల మీద మంచు. జుట్టు అతను ఊహించిన దానికన్నా ఎంతో నెరిసిపోయింది. అతను ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని ఊపిరి ఊదాడు, పిలిచాడు, మళ్ళీ ఊదాడు.

పెదవులు కదిలాయి. "ఎవరు? నడిమివాడ వాళ్ళా?"

"నేనక్కా. శరభాంకుణ్ణి."

ఆమె చాలాసేపు చూసింది. "తమ్ముడూ" అంది. తరువాత దొంగతనం ఒప్పుకుంటున్నట్టు చిన్న గొంతుతో, "దీపం కొండెక్కిందిరా" అంది.

అప్పుడు శరభాంకుడు ఏడ్చాడు. ఆ మాట కోసం కొండంతా ఎక్కి వచ్చినవాడిలా ఏడ్చాడు. సౌగంధి మెల్లగా, "చిన్నప్పుడు ఏ కొండ అని ప్రాణం తీసేవాడివి కదూ. ఇదేరా ఆ కొండ. నాకూ ఇక్కడికి వచ్చేదాకా తెలియదు" అంది.

కుంపటి తెరిచి బూడిద ఊదాడు. నిప్పులు కళ్ళు విప్పాయి. గడ్డకట్టిన నూనెను ఆ సెగకు కరిగించి, వత్తి సవరించి, మోపులోంచి ఒక పుల్ల లాగి వెలిగించాడు. గుట్ట కొమ్మున చుక్క మళ్ళీ పొడిచింది. జరిగిందంతా రెండు ముక్కల్లో చెప్పి, "ఇక పద, కోటలోకి పోదాం" అని చేయి పట్టుకున్నాడు.

ఆమె చేయి విడిపించుకుంది. "నేను రాకూడదు. దీపం కొండ మీద ఉన్నంతసేపూ దాని పక్కన మనిషి ఉండాలి. అది కనబడుతుంటేనే కింద సావడిలో వాళ్ళు ఆశ వదలరు. పసిపిల్లలున్నారు, త్వరగా మోపు తీసుకెళ్ళు. కుంపటిలో సగం నిప్పులు నాకు, సగం నీకు."

"ఇన్నేళ్ళకు చూశాను నిన్ను. ఇంతేనా?"

"ఇంతే" అంది సౌగంధి. మంచు పట్టిన వేలితో అతని తెగిన పెదవిని ఒకసారి తాకింది. "వెళ్తాను అనకు. వెళ్ళొస్తాను అను."

"వెళ్ళొస్తానక్కా."

గుట్టకు అవతలి వాలున శిఖరవాటి కోట చీకటి ముద్దలా ఉంది. ఒక్క కిటికీలో వెలుగు లేదు. శరభాంకుడు జారుతూ, లేస్తూ ద్వారం దగ్గరికి చేరేసరికి కాళ్ళ కింద ఏదో మెరిసింది. రాళ్ళ మీదుగా పాకి వచ్చిన సన్నని నీటి జాడ, గడ్డకట్టి, తలుపు కింది సందులోకి పోయి ఉంది.

లోపల ఎవరో మాట్లాడుతున్నారు. శరభాంకుడు చెవి ఆనించి విన్నాడు. ఆ గొంతు తనదే.

"నేను మీ రాణిగారి తమ్ముణ్ణి, శరభాంకుణ్ణి. కొండ మీది నుంచే వస్తున్నాను. అక్క పోయింది. దీపం ఆరిపోయింది. కళ్ళారా చూశాను. ఇంక ఇక్కడుంటే చస్తారు. పిల్లల్ని ఎత్తుకుని నా వెంట లోయలోకి రండి."

లోపల ఆడవాళ్ళ ఏడుపు. చాపలు చుట్టిన చప్పుడు.

శరభాంకుడు మెడలోని గంట విప్పి కుంపటి మీద పట్టాడు. మంచు కరిగి గంట నాలుక విడివడింది. చేతికి ఉన్న బలమంతా పెట్టి మోగించాడు. చుక్కమ్మ గంట ఆ రాతి గోడల మధ్య గణగణమంది. లోపల ఏడుపు ఆగింది.

"మోపు వచ్చింది! నడిమివాడ నుంచి ఎండు మోపు తెచ్చాను. తలుపు తీయండి!"

"తీయకండి" అంది లోపలి నుంచి తన గొంతే. "వాడే తుషారదంతుడు. నా గొంతు దొంగిలించాడు."

చేతిలో చిటికెడు ఉప్పు లేదు. నమ్మమని చెప్పడానికి తన గొంతు కూడా తనకు లేదు. శరభాంకుడు వెనక్కి తిరిగి చూశాడు. గుట్ట కొమ్మున, నిశ్చలమైన ఆకాశం కింద, ఎఱ్ఱని చుక్క మినుకుమంటోంది.

"నన్ను నమ్మకండి!" అని అరిచాడు. "వాణ్ణీ నమ్మకండి! కిటికీ మీది మంచు గీకి ఒక్కసారి బయటికి చూడండి. దీపం కొండెక్కింది!"

లోపల ఎవరో గోటితో మంచు గీకుతున్న సన్నని చప్పుడు. తరువాత గడియ కదిలింది. తీస్తున్నారో, ఇంకా బిగిస్తున్నారో అతనికి తెలియలేదు.